పంపు తగిలించుకున్న రోజు

మిల్లులో అందరూ ఆమెను కాటా అనే పిలుస్తారు. తెల్లరాయిని పిండి చేసే మిల్లు అది. పైనుంచి పిండి జారే గొట్టానికి మూతి ఉంటుంది. ఆ మూతికి సంచి తొడిగి, మోకాలితో రెండుసార్లు కుదిపి, యాభై కిలోలు నిండగానే లాగెయ్యాలి. మిగతావాళ్ళు తూకం ముల్లు చూసి లాగుతారు. ఆమె ముల్లు వంక చూడదు. పిండి మొదట జర్రుమని పడుతుంది, సంచి సగమయ్యాక చప్పుడు మెత్తబడుతుంది, నిండే ముందు ఒక్క క్షణం సన్నగిల్లుతుంది. ఆ క్షణంలో లాగితే యాభై. కాటా మీద పెట్టి చూస్తే గుప్పెడు అటో ఇటో, అంతే.

ఆ విద్య ఆమెకు ఎవరూ నేర్పలేదు. పనిలో పెట్టించింది మాత్రం బావ. అక్క మొగుడు, ఆ మిల్లులో ఫోర్‌మెన్. భర్త పోయిన ఏడాది ఆమెను తీసుకొచ్చి మూతి ముందు నిలబెట్టి, "బెదరకు, సంచి నిన్నేం కొరకదు" అన్నాడు. అది జరిగి పద్దెనిమిదేళ్ళు. ఈ పద్దెనిమిదేళ్ళలో బావ మాట ఆమె ఏనాడూ జవదాటలేదు.

చివరి తొమ్మిదేళ్ళూ ఏడాదికి ఒకసారి బయటినుంచి ఒక మనిషి చిన్న పెట్టె తీసుకొచ్చేవాడు. అందులో అరచేతంత పంపు, దానికో సన్నని గొట్టం, గొట్టం కొసన బిళ్ళంత ఫిల్టరు. పంపు నడుముకు కట్టి, ఫిల్టరును చీర మీద వేసుకునే చొక్కా కాలరుకు తగిలించాలి. ఆ మనిషి పెట్టె ఇచ్చి ఆఫీసులో కూర్చునేవాడు. తగిలించేది బావే.

"ఏం మరదలా, ఈ ఏడు కూడా నగ నీకే."

"నగైతే సాయంత్రం లాక్కుంటావెందుకు బావా? అక్కకు భయపడా?"

"మీ అక్క చూసిందంటే ఇంట్లో నాకూ ఒకటి కడుతుంది, ఎక్కడ తిరుగుతున్నానో తెలియడానికి."

ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. తర్వాత బావ, "ఖరీదైన మిషను, మూతి దగ్గర దెబ్బ తింటుంది. స్టోరులో కూర్చుని చిరిగిన సంచులు కుట్టు" అనేవాడు. స్టోరు ఆవరణకు ఆ చివర, ఆఫీసు వెనకాల. తలుపు వేస్తే మిల్లు చప్పుడు కూడా సరిగా వినపడదు. ఆ ఒక్కరోజు ఆమె కడుపులో చల్ల కదలకుండా కూర్చుని కుట్టుకునేది. ఆమె చోట వేరే మనిషి మూతి పట్టేది. మధ్యాహ్నం అన్నాల దగ్గర తోటివాళ్ళు, "మహారాణి గారు దయచేశారు, జరగండి జరగండి" అని దెప్పేవాళ్ళు. దెప్పినా ఆమెకు లోలోపల గర్వంగానే ఉండేది. ఇంతమందిలో బావ తననే పిలిచాడు కదా.

ఒక ఏడాది అడిగింది కూడా. "ఇంతకీ ఇదేం చేస్తుంది బావా?"

"గాలి ఎలా ఉందో చూస్తుంది."

"స్టోరులో గాలి బానే ఉందని నేనే చెప్తాను కదా, దీనికి ఇంత పంపెందుకు?"

బావ పగలబడి నవ్వాడు. సాయంత్రం కాగితం ముందు పెట్టి వేలితో చోటు చూపించేవాడు. చిన్న చిన్న అక్షరాలు. ఆమె చదివేది తన పేరు ఒక్కటే. దాని పక్కన కుదురుగా సంతకం పెట్టేది.

మొదట దగ్గు మొదలైంది. దుమ్ములో పనిచేసేవాళ్ళకు దగ్గు మామూలే అని ఊరుకుంది. తర్వాత నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒకరోజు సంచి నిండి పొర్లిపోయింది. చప్పుడు తనకు వినపడలేదు. చెవులు బాగానే ఉన్నాయి, తన ఊపిరి చేసే రొదే సంచి చప్పుడును మింగేసింది. చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆమె మాత్రం మర్నాడే ఆసుపత్రికి వెళ్ళింది.

అక్కడి డాక్టరమ్మ ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూపించింది. "ఈ చుక్కలన్నీ రాతి దుమ్ము. లోపలికి పోయింది ఇక బయటికి రాదు. ఇంకా పోకుండా చూసుకోవాలి, అంతే. జబ్బు పనివల్లే వచ్చిందని డాక్టర్ల బోర్డు రాసిస్తే మందులు వాళ్ళే ఇస్తారు, మిల్లువాళ్ళు దుమ్ములేని పని చూపించి తీరాలి."

రాసివ్వకపోతే రెండే దారులు. మళ్ళీ మూతి దగ్గరికి, లేకపోతే ఇంటికి.

బోర్డులో ముగ్గురు డాక్టర్లు. నడుమ కూర్చున్న పెద్దాయన కాగితాలు తిరగేశాడు. "మీ మిల్లులో సంచులు నింపే చోట దుమ్ము కొలతలమ్మా ఇవి. తొమ్మిదేళ్ళవి. ఒక్కసారి కూడా హద్దు దాటలేదు. ఇంత తక్కువ దుమ్ముకు ఈ జబ్బు రాదు."

"ఎవరు కొలిచారండీ?"

ఆయన కాగితం ఆమె వైపు తిప్పాడు. "మీకే తగిలించి కొలిచారు. ఈ సంతకం మీదే కదా?"

తొమ్మిది కాగితాలు, తొమ్మిది సంతకాలు. అన్నీ కుదురుగా ఉన్నాయి. తనవేనని ఒప్పుకుంది ఆమె. స్టోరు సంగతంతా చెప్పింది.

"ఈ మాట చెప్పేవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా?"

"మా బావ ఉన్నాడండీ" అంది వెంటనే. ఆ మిషను దేనికో పాపం బావకూ తెలిసుండదనే అనుకుంది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళింది. బావ అరుగు మీద కూర్చుని చెప్పులు తుడుచుకుంటున్నాడు. అంతా విన్నాడు, చెయ్యి ఆపలేదు.

"పొరపాటున కూర్చోబెట్టానని చెప్పు చాలు బావా."

"తొమ్మిదిసార్లు పొరపాటంటే ఎవడు నమ్ముతాడు?"

అప్పుడు అర్థమైంది ఆమెకు. అరుగు అంచు పట్టుకుని కూర్చుంది. "నేనే దొరికానా బావా? అంతమంది ఉండగా?"

అతను రెండో చెప్పు తీసుకున్నాడు. "నువ్వైతే అడగవు కదా" అన్నాడు.

లోపలినుంచి అక్క వచ్చి గడపలో నిలబడింది. "ఏడాదికొక రోజు నీడపట్టున కూర్చోబెట్టినందుకా ఇది? ఆయన ఉద్యోగం ఊడితే మేమేం కావాలి? నేను అప్పుడే అన్నాను, అయినవాళ్ళకు తగిలించొద్దని."

ఆమె అక్క మొహం వంక చూసింది. అక్క తల తిప్పుకుంది.

"బోర్డువాళ్ళు పిలిస్తే వస్తాను. ఏం చెప్పాలో అక్కడ చూద్దాం" అన్నాడు బావ చివరికి. తన చోట మూతి పట్టిన మనిషితో సహా తోటివాళ్ళెవరూ బావకు ఎదురు సాక్ష్యం చెప్పరని ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాటనే పట్టుకుని వారం రోజులు గడిపింది.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని బోర్డు ముందుకు వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రతిసారీ మూతి దగ్గరే ఉందండీ."

"స్టోరులో కూర్చోబెట్టారంటోంది ఈవిడ."

"జబ్బు మనిషి కదండీ. ఏ రోజు ఎక్కడుందో గుర్తుండకపోవచ్చు."

"ఆ రోజుల్లో నా చోట మూతి ఎవరు పట్టారు బావా?" అని అడిగింది ఆమె.

"ఎవరూ లేరు. నువ్వే" అన్నాడు గోడ గడియారానికి చెబుతున్నట్టు.

పెద్ద డాక్టరు కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకున్నాడు. "నేను నమ్మడం వేరు, రాసివ్వడం వేరమ్మా. ఈ కాగితాలకు ఎదురుగా ఇంకో కాగితం కావాలి. మీ దగ్గర లేదు" అంటూ ఫైలు మూసేశాడు.

బయట బావ బండి తీశాడు. "ఎక్కు, దింపుతాను. బస్సుదాకా నడవలేవు."

అది నిజమే. "మీరు వెళ్ళండి ఫోర్‌మెన్ గారూ" అని ఆమె నడక మొదలుపెట్టింది.

అతను బండిని ఆమె పక్కనే మెల్లగా పోనిచ్చాడు. దీపస్తంభం వచ్చినప్పుడల్లా ఆమె దాన్ని పట్టుకుని ఆగింది. ఆమె ఆగినప్పుడల్లా అతనూ ఆగాడు. మూడో స్తంభం దగ్గర, "ఎక్కమంటున్నానా" అన్నాడు. నాలుగో దాని దగ్గర ఆమె కూలబడింది. అతను బండికి స్టాండు వేసి దిగబోతుంటే చెయ్యెత్తి అక్కడే ఉండమంది. ఊపిరి అందేదాకా కూర్చుని, లేచి, అటూ ఇటూ చూసి రోడ్డు దాటి, అవతలి పక్కనుంచి నడిచింది.