గంటెతో ఉప్పు చూసే పిల్ల

మానుకోటలో మేమిద్దరం ఒకే ప్రైవేటు బడిలో టీచర్లం, ఒకే గదిలో అద్దెకు ఉండేవాళ్లం. నాది దంతాలపల్లి దిక్కు. ఆమెది గార్ల పక్కన తండా. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. తల్లిని మాత్రం వాళ్ల భాషలో యాడి అని పిలిచేది. అంతకుముందు నాతో ఉన్న ఇద్దరు నా నోటికి దండం పెట్టి గది ఖాళీ చేశారు. "ఈ పిల్ల గూడ పోయిందనుకో, నౌకరీ లేదు గీకరీ లేదు, సక్కగ ఇంటికి రా. ఒక్కదాన్ని ఆడ ఉండనియ్య," అని బాపు తేల్చి చెప్పాడు. అందుకని నోరు కుట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే పిల్ల బంగారం. ఆమె వండితే నేను కంచం ఊడ్చేసేదాన్ని.

ఒక్కటే తంటా. ఉప్పు చూడటానికి గంటె నేరుగా నోట్లో పెట్టుకునేది, చప్పరించేది, అదే గంటె మళ్లీ కూరలో తిప్పేది. దేవుడా! నాకు ఒళ్లు జలదరించేది. మా ఇంట్లో అయితే అవ్వ వీపు విమానం మోత మోగించేది.

చెబుదామంటే భయం. ఎంగిలి అన్న మాట నా నోట్లోంచి వస్తే, తండా పిల్లనని అంటున్నాననుకుంటే? ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచి ఎంతమంది దగ్గర విన్నదో నాకేం తెలుసు. అందుకే చాటుగా తిప్పలు పడ్డాను. పొయ్యి పక్కన చిన్న చెంచా పెడితే, "మంచిగుందక్కా" అని దాంతో తొక్కు తిన్నది. గిన్నె పెడితే అందులో ఎల్లిగడ్డలు పోసింది. నేనే వండుతానంటే, "నీ కూర కుక్కలు గూడ ముట్టయ్ అక్కా" అని గంటె గుంజుకుంది.

ఇట్లా ఉండగా తెలంగాణ కోసం ఊరూరా వంటావార్పు మొదలైంది. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, బండ్లు ఆపి, అక్కడే వండుకుని అక్కడే అందరూ కలిసి తినడం. మా బడి టీచర్లమూ వెళ్లాం. పప్పుచారు గుండిగ దగ్గర గంటె ఎవరి చేతికి రావాలి? మా పిల్ల చేతికే. ఒకవైపు డప్పులు, ఒకవైపు జై తెలంగాణ నినాదాలు. చారు మరిగింది. ఆమె గంటె ముంచి పైకెత్తింది. ఇన్నాళ్లు బిగబట్టిన నా నోరు ఇక ఆగలేదు.

"ఏయ్! నాకకు! అందరు తినేదది!"

చుట్టూ ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆమె గంటెను నోటి దగ్గరికి తేలేదు, ఎడమ అరచేతి మీదికి వంచుతోంది. రెండు చుక్కలు పోసుకుని నాలుకకు తాకించింది. "ఉప్పు సరిపోయింది" అని గంటె పక్కామెకు ఇచ్చి, చెయ్యి కడుక్కుని దూరంగా పోయి కూర్చుంది. తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.

గదికి వచ్చాం. తాళం తీస్తూ అడిగింది.

"నేను రూమ్‌ల గంటె నాకుతనని ఇన్నొద్దుల సంది మనసుల పెట్టుకున్నవా అక్కా?"

"అది గాదే..."

"బయటోళ్లకు వండేటప్పుడు మా యాడి గట్ల చెయ్యనియ్యదు. ఇంట్లోళ్లకైతే గంటెతోనే చూస్తం. నిన్ను ఇంటిమనిషి అనుకున్న. ఇగ నీకు గూడ అరచేతులనే చూస్త. సరేనా?"

సరేనన్నాను. నేను కోరుకున్నదే కదా! పొద్దున టమాట కూర వండింది. రెండు చుక్కలు అరచేతిలో పోసుకుంది, ఉప్పు చూసింది, చెయ్యి కడుక్కుంది, కంచం నా ముందు పెట్టింది. ఎంత శుభ్రం! ఒక్క ముద్ద గొంతు దిగితే ఒట్టు. ముక్కూ ముఖం తెలియని వాళ్ల పెళ్లిలో భోజనానికి కూర్చున్నట్టు ఉంది. ఏడుపొచ్చింది.

"ఒద్దే పిల్లా. నన్ను బయటోళ్లల్ల కలపకు. నీకెట్ల అలవాటుంటె అట్లనే చూడు."

"చూద్దాం తియ్యక్కా," అన్నది. నవ్వలేదు.

గది ఖాళీ చేయలేదు, అంతే. అరచెయ్యి చాపడం మాత్రం మానలేదు. ఒక ఆదివారం, బడిలో ఎవరో పంతులు ఎట్లా నడుస్తాడో చేసి చూపిస్తూ, నవ్వుతూ నవ్వుతూ గంటె నోట్లో పెట్టుకుని చప్పరించి మళ్లీ కూరలో తిప్పింది. ఎక్కడ గుర్తొచ్చి ఆపుతుందోనని నేను కదలకుండా కూర్చున్నాను.