మొదటి లైను, చివరి లైను

నిన్న మా ఇంట్ల ఏమైందో తెలుసా? ఎంట్రన్స్ రాసింది నా బిడ్డ, పిలుపు వచ్చింది నాకు! నవ్వకుండ్రి. చాయ్ తాగుకుంట నిమ్మళంగ ఇనుండ్రి, చెప్త.

నాది కోరుట్ల బస్టాండు ఎనుక జిరాక్సు, ఆన్‌లైన్ సెంటర్ అని మీకెర్కే. అప్లికేషన్లు నింపుడు, హాల్ టికెట్లు తీసుడు, ఫోటో సైజు తగ్గించుడు, ఇదే పని. హాల్ టికెట్ కొరకు వచ్చిన ప్రతి పిల్లకు ఒక సలహా గూడ ఫ్రీగ ఇస్త. "ఇంగ్లీష్ పేపర్ల రీడింగ్ సెక్షన్ ఉంటది చూడు, గా ప్యాసేజ్ మొత్తం చదువొద్దు. మొదటి లైను, చివరి లైను. గంతే! ఆప్షన్లల్ల తప్పున్నయి కొట్టేసుకుంట పో. రైటింగ్ సెక్షన్ల మాత్రం ఇంట్రడక్షన్ లేకుండ అసలు ముచ్చట మొదలువెట్టకు." ఇదంత వీడియోలు చూసి నేర్చుకున్న, నేను ఏ ఎంట్రన్సూ రాయలే. పిల్లలు "థాంక్యూ రాజేశం సార్" అంటరు. గా 'సార్' ఇని ఇని కొంచెం తలకెక్కింది, అబద్ధమెందుకు.

మా ఇంట్లనే నా మాట ఎవ్వరూ ఇనరు. మా ఇంటామె పద్మ మిర్చి బజ్జీలు తిన్నంక పొట్లం కాయితం గూడ అటూఇటూ తిప్పి మొత్తం చదువుతది. బిడ్డ మౌనికది గూడ అదే రక్తం. ఇంటర్ అయిపోయింది. ఒక పెద్ద యూనివర్సిటీల ఐదేండ్ల కోర్సు చదువాలని రెండేండ్ల సంది ఒకటే పట్టు. ఆ పరీక్ష ఏడాదికి ఒక్కసారే. తప్పిందంటే మల్ల ఏడాది దాక ఇంట్ల కూసోవాలె.

హాల్ టికెట్ వచ్చిన నాడు "బాపూ, ఒకసారి నాకియ్యి, చూస్త" అన్నది.

"నువ్వు చదువుడు మీద ఉండు బిడ్డ, కాయితాలు చూసుడు నా డ్యూటీ" అని ఫైల్ల పెట్టిన. చూసిన గూడ! అడ్రస్ మొదటి లైను: డిగ్రీ కాలేజీ, బైపాస్ రోడ్డు. చివరి లైను: తెలంగాణ. ఇంకేం కావాలె? ఆ వారం నేను తీసిన హాల్ టికెట్లన్నీ జగిత్యాలవే. కరీంనగర్, సిరిసిల్ల అనే ఆప్షన్లు మనసులనే కొట్టేసిన.

పరీక్ష నాడు పొద్దుగాల ఆరున్నరకే బండి తీసినం. జగిత్యాలల కాలేజీ గేటుకు పెద్ద బ్యానర్. పైన 'స్వాగతం', కింద 'ఆల్ ది బెస్ట్'. నడుమ ఇంకేందో రాసున్నది, నేను చదువలే. మౌనిక నోట్సుల తలపెట్టి నడుస్తున్నది, నేను తల ఎత్తనియ్యలే. లోపట పిల్లలంత లైను కట్టిండ్రు. ఒకాయన ఫారం ఇచ్చిండు. ఫారం కనవడితే నా చెయ్యి దానంతటదే నడుస్తది. పై గీత మీద నా పేరు, కింద ఫోన్ నంబరు, సంతకం. నడుమ ఉన్నది నాకెందుకు?

లైన్ల నిలబడ్డ పిల్లలకు గూడ సలహాలు షురూ చేసిన. "తొందరపడకుండ్రి, మొదలు క్వశ్చన్ చదువుండ్రి, ఆ తర్వాతనే ప్యాసేజ్" అంటుంటే వాళ్లు ఒకరి మొఖాలు ఒకరు చూసుకుంటున్నరు. అందరూ షార్టులల్ల, ట్రాక్ ప్యాంట్లల్ల ఉన్నరు. డ్రెస్ కోడ్ అనుకున్న.

ముందుకు పోయినంక మౌనికను బరువు మిషన్ ఎక్కించిండ్రు. నలభై ఆరు కిలోలు.

"బాపూ, పరీక్షకు బరువెందుకు?"

"ఈసారి చెకింగ్ మస్తు స్ట్రిక్టు బిడ్డ. పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి చూస్తరేమో. పేపర్ ఎవరన్న ఎత్తుకపోతే దొరకాలె గదా!"

గప్పుడే మెడల ఈల ఏసుకున్న సార్ అడిగిండు: "కూతకు పోతవా, పట్టుకునే దిక్కు ఉంటవా?"

గేటు మీదున్నసోంటి బ్యానరే టేబుల్ ఎనుక గూడ ఉన్నది. మౌనిక తలెత్తి దాన్ని మొత్తం చదివింది. "బాపూ, ఇవి బాలికల కబడ్డీ సెలెక్షన్లు." నా చేతులకెల్లి ఫైలు గుంజుకొని హాల్ టికెట్ తీసింది. అడ్రస్ నడుమ లైను మీద వేలు పెట్టి చూపెట్టింది. సిరిసిల్ల!

టైము ఎనిమిదైంది, తొమ్మిదిన్నరకు గేటు బంద్. అరవై కిలోమీటర్ల తోవ. బిడ్డ రెండేండ్ల కష్టం నా ఒక్కని తెలివికి పోతదా?

వేములవాడ మీదికెల్లి బండి ఉరికిచ్చిన. ఎనుక కూసున్న బిడ్డ తిట్టలే. తిడితే మంచిగుండు. హాల్ టికెట్ మీదున్న సూచనలన్నీ నా చెవుల చదువుడు మొదలువెట్టింది. "బాపూ, ఆరో పాయింటు. ఒకరోజు ముందే పోయి సెంటర్ చూసుకోవాలె." నేను బండి రేజ్ పెంచిన. "ఏడో పాయింటు. హాల్ టికెట్ మొత్తం చదువాలె."

సిరిసిల్లల దిగేసరికి తొమ్మిది నలభై. గేటు బంద్. వాచ్‌మన్ సందులకెల్లి చూసి "నాతోని కాదన్నా. పేపర్లైతే ఇంక ఇయ్యలే. ఎందుకు లేటయిందో ఒక కాయితం మీద రాసియ్యి, లోపట మేడంకు చూపెడత. జల్దీ!" అన్నడు.

రైటింగ్ సెక్షన్! ఊరందరికి చెప్పెటోన్ని, నాకు రాదా? బండి సీటు మీద కాయితం పెట్టి మొదలువెట్టిన. ఇంట్రడక్షన్: 'మానవ జీవితంలో విద్యకు ఎంతో ప్రాముఖ్యత ఉంది.' తర్వాత 'అయితే', 'అంతేగాక', 'అందువలన' అన్నీ ఏసిన. జగిత్యాల ముచ్చట, లేటయిన ముచ్చట నడుమ పేరాల పెట్టిన. ఆఖరికి కన్‌క్లూజన్: 'కావున విద్యే దేశాభివృద్ధికి పునాది.' మౌనిక గడియారం చూసుకుంట పండ్లు కొరుకుతున్నది.

వాచ్‌మన్ పట్టుకపోయి నిమిషంలనే మల్ల వచ్చిండు. "అన్నా, మేడం మొదటి లైను, చివరి లైను చూసింది. వ్యాసం రాసుడు లోపట, గేటు కాడ కాదని చెప్పుమన్నది."

మౌనిక పెన్ను గుంజుకుంది. అదే కాయితం ఎనుక రెండే రెండు లైన్లు రాసింది. 'మేడం, మా నాన్న హాల్ టికెట్ సరిగ్గా చదవక నన్ను జగిత్యాల తీసుకెళ్లారు. దయచేసి నన్ను పరీక్ష రాయనివ్వండి.' ఒకటి మొదటి లైను, ఒకటి చివరి లైను. నడుమ ఏం లేదు!

లోపటికెల్లి నవ్విన సప్పుడు గేటు దాక ఇనవడ్డది. గేటు తెరుచుకుంది, బిడ్డ ఉరికింది. నేను గోడకు ఒరిగి కూసున్న. కండ్లల్ల నీళ్లు తిరిగినయి, దాచుడెందుకు.

మధ్యాహ్నం బయటికొచ్చినంక అడిగిన, "ఎట్ల రాసినవ్ బిడ్డ?"

"మంచిగ రాసిన బాపు. ప్యాసేజీలన్నీ మొత్తం చదివిన."

"టైం సరిపోయిందా?"

"లోపట నువ్వు లేవు గదా, సరిపోయింది."

ఇగ నిన్నటి ముచ్చట. రిజల్ట్ కొరకు చూస్తున్నం. నా ఫోన్ మోగితే పద్మ ఎత్తింది. నడుమల ఆపకుండ మొత్తం ఇన్నది. ఫోన్ పెట్టేసి, తొంభై కిలోలున్న నన్ను పైకెల్లి కిందిదాక చూసింది.

"జగిత్యాల కబడ్డీ సార్ చేసిండు. ఆ పొద్దు బరువు చూపెట్టి నడుమల పోయినోళ్లకు ఇంకో ఛాన్స్ ఇస్తున్నరట. ఫారంల ఆడే పిల్ల పేరు రాసే కాడ నీ పేరే ఉందట. రాజేశం, నలభై ఆరు కిలోలు, బాలికల టీము. ఆదివారం ఏడింటికి షార్టు ఏసుకొని రమ్మన్నరు."

నేను నోరు తెరిచేలోపే నా చేతుల ఒక చిట్టీ పెట్టింది.

"గ్రౌండు అడ్రస్ గిండ్ల రాసిన. మొత్తం చదువుకొని పో."