నా సగం నవ్వు, మా ఇంటి పసుపు

ఆ ఉదయం పళ్ళు తోముకుని నీళ్ళు పుక్కిలిస్తుంటే కుడివైపు పెదవి సందులోంచి ధార కట్టి చొక్కా మీద పడింది. మళ్ళీ పోసుకున్నాను. మళ్ళీ కారింది. అద్దంలో చూస్తే ముఖం ఎడమ సగం నవ్వుతోంది, కుడి సగం తనకేమీ పట్టనట్టు ఉంది. కుడి కన్ను మూయబోతే మూతపడలేదు.

వంటింట్లో నా భార్య లతకు చూపించాను. ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది.

"మస్తుంది! గిది కొత్త ఐటమా?"

నేను స్టాండప్ కమెడియన్‌ని. ఆర్మూర్‌లో ఆ మాట చెబితే "మంచిగుంది, మరి నౌకరీ ఏంది?" అంటారు. కాలేజీ రోజుల్లో హేతువాద సంఘం చర్చల్లో మైకు పట్టుకోవడం నేర్చుకున్నాను. గంటసేపు వాదించినా కదలని మనిషి ఒక్క జోకుకు కదలడం చూసి దారి మార్చాను. దుబాయ్ నుంచి వచ్చినవాళ్ళ దావత్‌లు, ఫంక్షన్ హాళ్ళు, ఆ తర్వాత ఎవరైనా ఎక్కి జోకులు చెప్పే హైదరాబాద్ ఓపెన్ మైకులు. బాబాలు, తాయెత్తులే నా సరుకు. ఐదు వారాల్లో హైదరాబాద్‌లో నా మొదటి గంట షో. టికెట్లు అమ్ముడయ్యాయి. పనిముట్టు మాత్రం సగం పాడైంది.

చాయ్ తాగబోయి ఒళ్ళో పోసుకున్నాక గానీ లత నవ్వు ఆగలేదు. "ఏందయ్యా, నిజమేనా?"

అమ్మ పరుగున వచ్చింది. "పావురం నెత్తురు రుద్దాలె బిడ్డా. దేవుని మీద జోకులేస్తివి, మూతి వంకరవోయింది. జర మొక్కుకో."

"జోకేసినోనికి శిక్షయితే నవ్వినోళ్ళకు లేదా? నా జోకులకు అందరికన్నా ముందు నవ్వేది నువ్వేనాయె!"

"మూతి సగమే పనిజేస్తుంది గని వాదన పూరా ఉంది," అని అమ్మ గొణిగి చెప్పులు తొడుక్కుంది.

మధ్యాహ్నానికి ముగ్గురం నిజామాబాద్ ఆసుపత్రిలో ఉన్నాం. న్యూరాలజిస్ట్ నుదురు ముడవమన్నాడు, చేతులు చాపమన్నాడు, నడిపించాడు. బీపీ, షుగర్ చూశారు.

"పక్షవాతం కాదు. బెల్స్ పాల్సీ. ముఖానికి వచ్చే నరం వాచింది. మూడు రోజుల్లోపు స్టెరాయిడ్స్ మొదలుపెడితే మంచిది, మీరు తొలిరోజే వచ్చారు. కన్ను జాగ్రత్త. పగలు డ్రాప్స్, పడుకునేటప్పుడు ఆయింట్‌మెంట్ రాసి, కన్ను మూసి టేప్ వెయ్యండి. దుమ్ము పడొద్దు."

"ఐదు వారాల్లో నవ్వగలనా సార్?"

"చాలామందికి బాగవుతుంది. తారీఖు మాత్రం నేనివ్వను."

తొమ్మిదో రోజున తప్పు చేశాను. పావురాన్ని, మొక్కును ఓడించిన గర్వంలో ఉన్నాను. అమ్మ రాజీకి వచ్చింది. "నెత్తురొద్దు, మొక్కొద్దు, సరే. పసుపన్న పెట్టనియ్యి. మన చేన్ల పండిందే."

అన్నిటినీ ప్రశ్నించే నేను పసుపును ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మోకాలు చెక్కుకుపోతే పసుపు, జలుబు చేస్తే పసుపు. సీజనులో మార్కెట్ యార్డు పక్కన నడిస్తే ఊపిరి కూడా పసుపే. పైగా, "ఇది మూఢనమ్మకం కాదు, యాంటీసెప్టిక్" అని లతకు ఉపన్యాసం ఇచ్చి, మధ్యాహ్నపు కునుకుకు వేసుకున్న కంటి టేప్‌ను నా చేత్తోనే తీశాను. అమ్మ గోరువెచ్చటి ముద్ద చెంపకంతా పట్టించింది. అది ఆరి, పొడిపొడిగా రాలి, మూతపడని కంట్లో పడింది. రెప్ప కొట్టి కడుక్కుందామంటే రెప్పే వాలదు. సాయంత్రానికి కన్ను నిప్పులా మండింది.

కంటి డాక్టరమ్మ పసుపుపచ్చ కాగితపు ముక్కేదో కంటికి తాకించింది.

"గిదేం పసుపు మేడమ్?" అని అడిగాను.

"ఇది గీతలను చూపించే రంగు. గీసింది మీ పసుపు. కార్నియా మీద, అంటే కంటి ముందు పొర మీద, చూడండి ఎన్ని ఉన్నాయో! చదువుకున్నారు కదా, టేప్ ఎందుకు తీశారు?"

యాంటీబయాటిక్ డ్రాప్స్‌తో ఇంటికి వచ్చాం. అమ్మ ఏడ్చింది. "నా చేత్తోనే జేస్తి కొడుకా."

"చెయ్యి నీదే. తెలివి నాది. పావురమంటే అడ్డం పడ్డ, పసుపంటే నేనే చెంప చూపెట్టిన."

కన్ను వారంలో తేరుకుంది. డాక్టర్ చెప్పినట్టు రోజూ అద్దం ముందు బుగ్గలు పూరించడం, కనుబొమలు లేపడం. అమ్మ, లత తోడు కూర్చుని మూతులు తిప్పేవారు. నాలుగో వారంలో లత అరిచింది. "కదిలింది! మళ్ళ జెయ్యి!"

షో నాటికి కదలిక సగమే వచ్చింది. పెదవులు సరిగా కలవక ప, బ, మలు గాలికి పోతున్నాయి. రద్దు చేద్దామన్నాను. "వంకర మూతితోనే పో," అంది లత. "ఇంట్ల ముఫ్త్‌గ నవ్వినం. వాళ్ళు టికెట్ కొన్నరు."

వెళ్ళాను. "నాకు ఎడమపక్క కూర్చున్నవాళ్ళకు నా నవ్వు కనిపిస్తుంది. కుడిపక్కవాళ్ళు నన్ను నమ్మాలి," అన్నాను. హాలు రెండు పక్కలా నవ్వింది. ఆ గంటలో బాబాలను పక్కన పెట్టి, పసుపుకు చెంప చూపిన హేతువాదిని ఎండగట్టాను. నా షోలన్నిటిలో అదే మంచిది.

ఇప్పుడు ఏడు నెలలు. చాయ్ తాగేటప్పుడు కుడి మూల ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, అంతే. చివరి చెకప్‌లో అమ్మ ఆగలేక అడిగింది. "సారూ, ఇగ పసుపు పెట్టొచ్చా?"

"కూరలో పెట్టండమ్మా."

నా షోలో ఇప్పటికీ ఎక్కువ నవ్వు వచ్చేది ఆ డాక్టరు మాటకే.

చదివేవారికి ఒక్కటే చెబుతాను. మూతి ఒక పక్కకు జారితే ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్ళండి. అది పక్షవాతమో కాదో తేల్చాల్సింది డాక్టరే, అద్దం కాదు. మూతపడని కంటి దగ్గరికి డాక్టర్ రాసింది తప్ప ఏదీ రానివ్వకండి, ఎంత నమ్మకమైనదైనా సరే. ఇంట్లోవాళ్ళు నవ్వితే కోప్పడకండి. ముందు ఆటో ఎక్కించి, తర్వాత నవ్వమనండి.