కొత్త డాస్ ఎక్కించిన చెరకు సీజను

మొన్న పొద్దున చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని నా పాత ల్యాప్‌టాప్ తెరిచానో లేదో, తెర నిండా ఒక నోటీసు వచ్చి కూర్చుంది. మీ కంప్యూటరుకు కొత్త వెర్షను ఎక్కించుకునే అర్హత లేదు, పాతదానికి ఇకమీదట మా బాధ్యతా లేదు అని దాని సారాంశం. తొమ్మిదేళ్లుగా ఒక్కరోజు నాగా పెట్టకుండా పనిచేస్తున్న మిషనును అర్హత లేనిదని అనడానికి వీళ్లెవరని నాకు ఒళ్లు మండిపోయింది. కొత్తది కొనుక్కోరాదా అత్తమ్మా అని మా కోడలు తేలిగ్గా అనేసింది. ఆ పిల్లకు ఏం చెప్పను? ఫ్లాపీ డిస్కును చేత్తో పట్టుకున్న నా ఈడువాళ్లకైతే ఈ మంట ఎంత పాతదో చెప్పనక్కర్లేదు. నాకైతే అది ఎనభైల చివర్లో, జహీరాబాద్ దగ్గర నేను పనిచేసిన చక్కెర మిల్లులో అంటుకుంది.

అక్కడి చెరకు విభాగంలో నేను టైపిస్టుగా చేరాను. చేరానని ఒక్క ముక్కలో అంటున్నాను గానీ, అన్ని వందల మంది మగవాళ్లు తిరిగే మిల్లుకు ఆడపిల్లను ఎలా పంపుతానని మా నాన్న భీష్మించుకుని కూర్చుంటే, న్యాల్‌కల్ దగ్గరి పల్లె నుంచి మా మేనమామ వచ్చి, నాన్న ఒప్పుకునేదాకా రెండు రోజులు మా ఇంట్లోంచి కదల్లేదు. తర్వాత మిల్లుకు కంప్యూటరు వచ్చి, దాన్ని నేర్చుకోవడానికి నన్ను మూడు వారాలు హైదరాబాదు పొమ్మన్నప్పుడు కూడా, నా పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సెక్కించి, వెంట వచ్చి దిగబెట్టింది మామే. ఆయన చెరకు రైతు. పెద్దగా చదువుకోలేదు. మేనకోడలు కంప్యూటరు ముందు కూర్చుంటుందని మాత్రం బీదర్ దాకా ఉన్న చుట్టాలందరికీ చెప్పుకున్నాడు.

ఆ కంప్యూటరు చేసే పని ఒక్కటే, కానీ దానిమీదే ఊళ్లకు ఊళ్లు ఆధారపడి ఉండేవి. రాయికోడ్, న్యాల్‌కల్, కోహీర్ వైపు రైతులు ఎవరు ఏ రోజు చెరకు నాటారో మిల్లు ఫీల్డ్‌మ్యాన్లు పుస్తకాల్లో రాసుకొచ్చేవాళ్లు. ముందు నాటినవాడికి ముందు వంతు. వంతు వచ్చినప్పుడు మిల్లు చీటి ఇస్తుంది, చీటి చేతికొచ్చాకే నరకాలి. చీటి ఆలస్యమైతే చెరకు ఎండకు నిలబడి నిలబడి రసం తగ్గిపోతుంది, బెండుబారుతుంది. కంప్యూటరు రాకముందు ఈ వరుసంతా రిజిస్టర్లలో చేత్తో రాసేవాళ్లట, పలుకుబడి ఉన్నవాళ్ల పేర్లు రాత్రికి రాత్రి పైకి పాకేవట. మిషను వచ్చాక ఆ పప్పులు ఉడకలేదు. నేను తేదీలు ఎక్కిస్తే, అది వరుస తీసి చీటీలు అచ్చు వేసేది. రెండు సీజన్లలో రైతులకు దానిమీద ఎంత గురి కుదిరిందంటే, మా సూపరింటెండెంటు సారు రిజిస్టర్లు రాయడమే మాన్పించేశాడు.

సరిగ్గా అప్పుడు, గానుగ ముమ్మరంగా ఆడుతున్న రోజుల్లో, హెడ్డాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. మన కంప్యూటర్లన్నిటికీ కొత్త డాస్, అంటే మిషనును నడిపించే మూల ప్రోగ్రాం, ఎక్కించాలని నిర్ణయించారట. సీజను అయ్యేదాకా ఆగండి, ఎండాకాలంలో మిషను ఖాళీగానే ఉంటుంది అని సారు జవాబు రాశాడు. ఆ ఉత్తరానికి జవాబు రాలేదు గానీ, ఇంజనీరు వచ్చాడు. టై కట్టుకున్న సన్నపాటి మనిషి. చెప్పులు బయట విడిచి, ఫ్లాపీల డబ్బా తెరిచి, ఒకదాని తర్వాత ఒకటి తోస్తూ పోయాడు. మధ్యాహ్నానికల్లా పని అయిపోయిందన్నాడు. పాత డాస్ ఫ్లాపీలను వెనక్కి తెమ్మన్నారని చెప్పి అవి కూడా సంచిలో వేసుకుని, చాయ్ తాగి, బస్సు పట్టుకుని వెళ్లిపోయాడు. అతని బస్సు సదాశివపేట దాటిందో లేదో, నేను మా చీటీల ప్రోగ్రాం తెరిచాను. చాలినంత మెమరీ లేదు అని ఒక్క వాక్యం వచ్చింది. ఎన్నిసార్లు తెరిచినా అదే వాక్యం.

తర్వాత తెలిసిందేమిటంటే, కొత్త డాస్ పాతదానికంటే లావుపాటిది. మిషనులో ఉన్న కాస్త చోటులో అదే కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటే మా ప్రోగ్రాం నిలబడడానికి జాగా లేదు. అసలు పనికి చోటు లేకుండా చేసేదాన్ని మెరుగుపరచడం అని ఎలా అంటారో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు. హెడ్డాఫీసుకు ట్రంకు కాల్ బుక్ చేసి పూటంతా కాచుకుంటే మర్నాటికి ఇంజనీరు మళ్లీ వచ్చాడు. అది తీసి చూశాడు, ఇది తగ్గించి చూశాడు. ప్రోగ్రాం తెరుచుకునేది గానీ, వరుస తీయమన్నా, ఒక్క పేరు చూపించమన్నా గుడ్లు తేలేసేది. పాతదే మళ్లీ వేయండి మహానుభావా అంటే, హెడ్డాఫీసు అనుమతి లేనిదే వెనక్కి వెళ్లకూడదన్నాడు. పైగా కొత్తదెప్పుడూ పాతదానికంటే మంచిదేనండీ అని మాకే నచ్చజెప్పబోయాడు.

"మంచిదే గావొచ్చు బాబూ," అన్నాడు మా సారు, "గని చీటీలు తియ్యరాకపాయె. గీ మంచిదాన్ని మేమేం జేసుకోవాలె?"

కిటికీ బయట రైతులు గుమికూడారు. అందులో కోహీర్ వైపు ముసలాయన ఒకడు లోపలికి తొంగిచూసి, "మిషన్‌కు తెలివి పెంచుతమన్నరు, ఉన్నది గూడ పాయెనా?" అన్నాడు. నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. చీటీలు పోకపోతే చెరకు రాదు, చెరకు రాకపోతే గానుగ ఆగుతుంది. ఇక లాభం లేదని సారు ఫీల్డ్‌మ్యాన్ల పుస్తకాలన్నీ తెప్పించి నా ముందు పోయించాడు. రెండు రోజులు తల ఎత్తకుండా కూర్చుని వరుసంతా చేత్తో రాశాను. పెన్సిలు రాతలు చెమటకు అలికిపోయి ఉన్నాయి. కొన్ని అంకెలు పోల్చుకోవడమే గగనం. వాటిలో మా మామ పేరు ఎదురుగా ఉన్న తేదీ ఒకటి. ఫిబ్రవరి పదకొండా, పదిహేడా? ఎటు తిప్పి చూసినా తేలలేదు. సొంత మనిషికి ముందు వంతు ఇచ్చుకున్నదని రేపు ఎవరైనా వేలెత్తి చూపుతారన్న భయంతో పదిహేడే రాశాను. ఆ ఆరు రోజుల మధ్య ఒక ఊరంతమంది పేర్లున్నాయి.

నాలుగైదు రోజులకు మామ కిటికీ దగ్గరికి వచ్చాడు. "బిడ్డా, నేను పదకొండుకు నాటిన. నా యెన్క నాటినోళ్లకు గూడ చీటీలు వచ్చినయ్. జర చూడు," అన్నాడు. చుట్టూ ఇరవై మంది ఉన్నారు. అందరి చూపూ నామీదే ఉంది. నేను కాగితంలోంచి తల ఎత్తకుండా, "అందరికి ఎట్లనో నీకు గట్లనే మామా, వరుసల ఉన్నప్పుడే వస్తది," అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నిజం చెప్పొద్దూ, న్యాయంగా ఉన్నానని ఆ పూట నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

చివరికి సారుకు సహనం చచ్చి, తానే హైదరాబాదు వెళ్లి, హెడ్డాఫీసులో బల్ల ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడట. ఇస్తే గాని లేవనన్నాడట. రెండో రోజుకు పాత ఫ్లాపీలు ఇచ్చారు. దుమ్ము పడకుండా వాటిని తువ్వాల్లో చుట్టుకుని తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆ ఫ్లాపీతో మిషనును లేపితే, ఏమీ జరగనట్టే లేచి, గడగడా వరుస తీసేసింది. పన్నెండు రోజులు అందరినీ ఏడిపించిన సమస్య అయిదు నిమిషాల్లో తీరింది. సంతోషించాలో, ఆ టై మనిషిని తిట్టాలో తెలియక, అచ్చయి వస్తున్న కాగితాన్ని నా చేతిరాత వరుసతో పోల్చుకుంటూ కూర్చున్నాను. మా మామ పేరు దగ్గర ఆగిపోయాను. ఫిబ్రవరి పదకొండు. పుస్తకం అలికిపోకముందు, గడిచిన వేసవిలో నేనే స్వయంగా ఎక్కించిన తేదీ. ఆయన వంతు దాటి అప్పటికి తొమ్మిది రోజులు. నేను రాసిన వరుస ప్రకారమైతే ఇంకా మూడు రోజులు ఆగాలి.

సారుకు ఉన్నదున్నట్టు చెప్పి, చీటి చేతిలో పట్టుకుని నేనే న్యాల్‌కల్ బస్సెక్కాను. మామ పొలంలోనే ఉన్నాడు. చెరకు ఆకు మొదలుదాకా ఎండి గలగలమంటోంది. ఒక గడ విరిచి చూపించాడు. లోపల తెల్లటి బెండు. నేను చీటి ఇచ్చి, తప్పు నాదేనని, అంకె అలికిపోయి ఉంటే భయపడి వెనకటి తేదీ రాశానని గబగబా చెప్పేశాను.

ఆయన చీటి మడిచి తువ్వాలు కొసన ముడేసుకున్నాడు. "ఎండితె ఎండింది తియ్ బిడ్డా. తప్పు ఎవలకన్న అయితది," అన్నాడు. తర్వాత, "గని మామ అబద్ధమాడుతడని ఎట్ల అనుకున్నవే?" అని అడిగాడు.

 ఆయన దాన్ని రెట్టించకుండా నన్ను ఇంటికి తీసుకుపోయి, అత్తతో జొన్నరొట్టె చేయించి, పక్కన కూర్చుని తిన్నాడు. సాయంత్రం రోడ్డుదాకా నడిచొచ్చి, బస్సు వచ్చేదాకా నిలబడ్డాడు. అంతసేపూ ఇద్దరం మాట్లాడుకున్నది వానల గురించే. మరుసటి సీజను నుంచి ఆయన నాటిన రోజే మిల్లుకు వచ్చి, కిటికీ దగ్గర నిలబడి తేదీ చెప్పి, రాసుకున్నవా బిడ్డా అని అందరి ముందూ అడిగేవాడు. నవ్వుతూనే అడిగేవాడు గానీ, నాకు ప్రతిసారీ లోపల చురుక్కుమనేది. మామ పోయి చాలా ఏళ్లయింది. ఆ చురుకు ఇంకా పోలేదు.

ఇప్పుడు కొత్త వెర్షన్లు టై కట్టుకుని బస్సు దిగి రావు. మనం నిద్రపోతుంటే వాటంతటవే వచ్చి, తెల్లారేసరికి ఇల్లంతా సర్ది, మన సామాను ఎక్కడ పెట్టాయో చెప్పకుండా వెళ్లిపోతాయి. కోపం వస్తే ఎదురుగా కూర్చుని అడగడానికి బల్ల లేదు, పాతది ఇస్తే గాని లేవనని మొండికేయడానికి కుర్చీ లేదు. వాటివల్ల ఎక్కడో ఎవరి వంతో తప్పిపోతూనే ఉంటుంది, ఎవరి చెరకో ఎండిపోతూనే ఉంటుంది. ఆ ఎండిన గడను విరిచి చూపించి, ఎట్ల అనుకున్నవే అని అడిగే మనిషి మాత్రం ఇప్పుడు ఎవరికీ ఎదురుపడడు.