లోపలి కాలు పైకి

పొద్దున లేవగానే ఆమె చేసే మొదటి పని టైరు నొక్కి చూడడం. మొహం కడుక్కోదు, కిటికీ తెరవదు. హాల్లో గోడకు ఆనించి ఉన్న సైకిల్ దగ్గరికి వెళ్లి ముందు టైరును ఒకసారి, వెనక టైరును ఒకసారి బొటనవేలితో అదుముతుంది. పందెం ఉన్న రోజైనా, పనికి వెళ్లే రోజైనా, అసలు గడప దాటని రోజైనా ఇది తప్పదు. "జ్వరం వచ్చిన పిల్లను కూడా అన్నిసార్లు ముట్టుకుని చూడరమ్మా," అంటుంది అత్తగారు మంచం మీంచే. ఆమె ఇంకోసారి నొక్కుతుంది. గాలి సరిపోయిందనిపిస్తే తనలో తనే తలూపుకుని లోపలికి వెళ్లిపోతుంది.

ఆ బొటనవేలి మీద ఆమెకు నమ్మకం ఎక్కువ. కళ్లద్దాల షాపు వెనక గదిలో ఏళ్ల తరబడి అద్దాలు అరగదీసిన వేలు అది. షాపు ముందు గదిలో దీపాలూ నిలువుటద్దాలూ ఉంటాయి. వెనక గదిలో ఉండేది ఒక స్టూలు, చుక్కచుక్కగా నీళ్లు పడే సాన చక్రం, గోడల మీదికి చిమ్మి ఎండిపోయిన తెల్లటి పొడి. గుండ్రటి అద్దాన్ని ఫ్రేము ఆకారానికి అరగదీసి, అంచును వేలితో తడిమి చూసి, టక్కున ఫ్రేములో కూర్చోబెట్టడం ఆమె పని. వెంట్రుకవాసి ఎక్కువైతే అద్దం పట్టదు, తక్కువైతే ఊడి పడుతుంది. వీధిలో అందరికీ ఆమె అద్దాలావిడ.

ముప్పై తొమ్మిదేళ్లు వచ్చేదాకా ఆమెకు సైకిలంటే పనికి వెళ్లే సాధనం మాత్రమే. రానూ పోనూ పద్నాలుగు కిలోమీటర్లు. భర్త బస్సు డ్రైవరు. "ఊళ్లో సగం మందిని నేను మోస్తాను, మా ఆవిడ మాత్రం నా బస్సు ఎక్కదు," అని డిపోలో చెప్పి నవ్విస్తుంటాడు.

పందేల సంగతి ఒక కళ్లజోడుతో మొదలైంది. ఊరి చివర సైకిల్ పందేల ట్రాక్ ఒకటి ఉంది. రెండు పక్కలా గోడల్లాగా పైకి లేచిన చెక్క బాట. దాన్ని కనిపెట్టుకుని ఉండే ముసలాయన ఒకప్పుడు వడ్రంగి. పందేలు నేర్పేది ఆయనే, పగిలిన పలకలు మార్చేదీ ఆయనే. అందరూ మేష్టారు అంటారు. ఆయన కళ్లజోడు విరిగితే, ఇంటికి వెళ్లే దారే కదా అని, బాగుచేసిన జోడు ఇవ్వడానికి ఆమే వెళ్లింది. ఆ ఏటవాలు చూసి అక్కడే నిలబడిపోయింది.

"ఇంత నిలువుగా ఉంటే పడిపోరా మేష్టారూ?"

"ఆగితే పడతారు," అన్నాడాయన కొత్త అద్దాల్లోంచి ఆమెనూ ఆమె సైకిల్‌నూ మార్చి మార్చి చూస్తూ. "రోజూ ఎంత తొక్కుతావమ్మా?"

ఆమె చెప్పింది.

"ఎన్నేళ్లుగా?"

"పన్నెండు."

"అంటే ఈపాటికి ఏ దేశమో చేరాల్సింది. రా, ఒక రౌండు తొక్కి చూడు."

ఆయన షెడ్డులోంచి ట్రాక్ సైకిల్ ఒకటి తెచ్చిచ్చాడు. దానికి బ్రేకులుండవు. తొక్కడం ఆపే వీలూ ఉండదు. వెనక చక్రం తిరిగినంతసేపూ పెడల్‌ తిరుగుతూనే ఉంటుంది. రెండో రౌండు కాగానే అలవాటు చొప్పున ఆమె కాళ్లకు కాస్త విశ్రాంతి ఇవ్వబోయింది. సైకిల్ ఆమెను సీటు మీంచి జానెడెత్తు ఎగరేసి మళ్లీ కూర్చోబెట్టింది. మేష్టారు రెయిలింగు పట్టుకుని పగలబడి నవ్వాడు. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. అయినా దిగలేదు. ఇరవై రౌండ్లు తొక్కి, చీకటి పడుతోందని ఆయన గట్టిగా కేకేస్తే అప్పుడు దిగింది.

ఆ వేసవి మొదట్లో ఆయన షెడ్డులోంచి రెండు సైకిళ్లు తీసి ఇచ్చాడు. ఒకటి ట్రాక్‌ది, ఇంకొకటి బ్రేకులున్నది, వీధి పందేలకు. ఇస్తూనే చెప్పాడు.

"చూడు తల్లీ, షెడ్డులో సైకిళ్లు తక్కువ, అడిగేవాళ్లెక్కువ. ఎవరికైనా ఒక్క వేసవే. ఈలోగా వీధి పందెం ఒక్కటైనా గుంపుతో కలిసి పూర్తి చేశావా, బృందంలో చోటిస్తాం, సైకిళ్లు నీ దగ్గరే ఉంటాయి. లేదంటే రెండూ షెడ్డుకి. ఇది నా మాట కాదు, క్లబ్బు పద్ధతి."

"గుంపుతో కలిసి పూర్తి చెయ్యడమేగా," అంది ఆమె. గెలవమనలేదు కదా అన్న ధైర్యం.

ట్రాక్ మీద ఆమెకు అంతా కలిసొచ్చింది. ప్రతి మంగళవారం సాయంత్రం అక్కడ పోటీలు. అందులో ఆమెకు ఇష్టమైనది, రెండేసి రౌండ్లకొకసారి చిట్టచివరి మనిషిని తీసేస్తూ పోయే పందెం. మొదటి వారం ఆమెనే ముందు తీసేశారు. నెల తిరిగేసరికి మిగిలిన ఆఖరి నలుగురిలో ఒకతె అయింది. ముందు సైకిల్ చక్రానికి తన చక్రాన్ని బెత్తెడు దూరంలో ఉంచి, బ్రేకు లేకుండా, తడబడకుండా, అట్లా గంటసేపు తొక్కగలదు. "అద్దం పట్టుకున్నట్టు పట్టుకుంటుందయ్యా దూరాన్ని," అని మేష్టారు మిగతావాళ్లకు చూపించేవాడు.

చిక్కల్లా వీధి పందెంతోనే. దాన్ని క్రిటీరియం అంటారు. ఆదివారం పొద్దున నాలుగు వీధులు మూసేసి, ఆ నాలుగు మలుపుల చుట్టూ నలభై నిమిషాలు తిరగాలి. ఆ తర్వాత గంట కొడతారు, ఇంకొక్క రౌండు. వెనకబడి, గుంపు చుట్టి వచ్చి దాటబోయేవాళ్లను విజిల్ ఊది పక్కకు తప్పిస్తారు. మెడలో విజిల్‌తో నిలబడే న్యాయనిర్ణేతకు మొహమాటాలు లేవు. సొంత తమ్ముణ్ణి కూడా ఊది పంపించేశాడని చెప్పుకునేవారు. ఆ వేసవిలో అటువంటి పందేలు ఆరు.

మొదటిదాంట్లో మూడో రౌండుకే మందుల షాపు మలుపులో ఆమె పడిపోయింది. కారణం తెలిశాక మేష్టారు తల పట్టుకున్నాడు. మలుపులో సైకిల్ ఎడమకు వాలినప్పుడు ఎడమ పెడల్ కిందికి వస్తే నేలకు కొట్టుకుంటుంది. అందుకే మలుపులో తొక్కడం ఆపి, లోపలి కాలు పైకి ఎత్తి ఉంచాలి. సైకిల్ నేర్చుకునే చిన్నపిల్లలకు కూడా ఒంటికి తెలిసిన సంగతి. కానీ ట్రాక్ మీద నేలే వాలి ఉంటుంది, కాళ్లు ఆపడం తప్పు. రోజూ పనికి మామూలు సైకిలే తొక్కుతున్నా, పందెం వేగం అందుకుంటే చాలు, రెండు నెలల్లో ఆమె కాళ్లు ఆపడమన్నదే మర్చిపోయాయి. మలుపులోనూ తొక్కుతూనే ఉంది. పెడల్ రోడ్డును గీరింది, వెనక చక్రం గాల్లోకి లేచింది.

మోచెయ్యి గీరుకుపోయి ఇంటికొస్తే అత్తగారు దూదీ మందూ పట్టుకొచ్చింది. "నలభై ఏళ్లకు మోకాళ్లు చెక్కుకుపోవడమేంటమ్మా! నా కొడుకు కూడా పదేళ్లకే మానేశాడు."

"మోకాలు కాదత్తయ్యా, మోచెయ్యి."

"అయితే ఇంకా మోకాళ్లు మిగిలున్నాయన్నమాట!"

రెండో పందెంలో ఆమె పడలేదు. పడతానన్న భయంతో ప్రతి మలుపులోనూ బ్రేకు నొక్కింది. నొక్కిన ప్రతిసారీ గుంపు పది అడుగులు ముందుకు పోయింది. ఇరవయ్యో నిమిషంలో విజిల్. మూడోదాంట్లో ఇరవై రెండో నిమిషంలో విజిల్. ఆమె సైకిల్ నడిపించుకుంటూ వస్తుంటే, ఎప్పుడూ మొదటి ఐదుగురిలో ఉండే పోస్టావిడ, ఉత్తరాలు పంచీ పంచీ ఉక్కులాంటి కాళ్లున్న మనిషి, తన రౌండు మధ్యలోనే కేకేసింది: "తప్పుకోండర్రా, సగం పందెం గారు వెళ్తున్నారు!"

ఆ పేరు అట్లాగే అతుక్కుపోయింది. మంగళవారం ట్రాక్ మీద కూడా పేర్ల పలక మీద ఎవరో 'సగం పందెం' అని సుద్దముక్కతో రాశారు. ఆమె చూసింది, తుడవలేదు. రాసినదాంట్లో అబద్ధమేముంది అనుకుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త అన్నాడు, "నేను నలభై అడుగుల బండి తిప్పుతాను. మలుపులోకి వెళ్లాక బ్రేకు తొక్కితే జనం ఒకరి మీద ఒకరు పడతారు. వెళ్లకముందే తగ్గించుకోవాలి. లోపల చెయ్యాల్సిందేమీ ఉండదు."

"మీ బస్సుకు నేలను గీరే పెడళ్లు లేవుగా."

"పెడల్ సంగతి నీ కాలికి నేర్పించుకో. దానికి రోడ్డెందుకు? ఇల్లు చాలదూ?"

నవ్వులాటకన్న మాట. కానీ ఆమె తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మర్నాటి నుంచి వంటింట్లోంచి హాల్లోకి ఎడమకు మళ్లేటప్పుడు ఎడమ మోకాలు పైకెత్తింది. తిరిగి కుడికి మళ్లేటప్పుడు కుడి మోకాలు. చేతిలో పప్పు గిన్నె ఉన్నా సరే, తడిబట్టల బకెట్టున్నా సరే. షాపులో స్టూలు చుట్టూ తిరిగేటప్పుడూ అంతే. "కాలికింద ఏమన్నా పాకుతోందా?" అని యజమాని రెండుసార్లు వంగి చూశాడు. అత్తగారు మాత్రం మూడు రోజులు ఓపికపట్టి నాలుగో రోజు అడిగేసింది.

"వాతమా అమ్మాయ్?"

"కాదత్తయ్యా. లోపలి కాలు పైకుండాలి. లేకపోతే పడతాను."

"అంతేనా? ముందే చెప్పొచ్చుగా!"

ఆ రోజు నుంచి ఆవిడ కాపలా మొదలైంది. కోడలు మలుపు తిరిగినప్పుడల్లా మంచం మీంచి కేక: "కాలు!" మరిచిపోతే చేతికర్రతో నేల మీద ఒక్కటి కొట్టేది. భర్త కూడా పాపం తల్లి కేక విని తెలియకుండానే కాలెత్తడం మొదలుపెట్టాడు.

నాలుగో పందెంలో ముప్పయ్యో నిమిషం. ఐదోదాంట్లో ముప్పై ఏడు. గంట కొట్టడానికి మూడు నిమిషాల ముందు విజిల్ వినపడినప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది. పడటం మానేసింది, బ్రేకూ తగ్గింది, అయినా తోకలోనే ఉండి అలిసిపోతోంది. మేష్టారు ఆమె పక్కన కట్ట మీద కూర్చున్నాడు.

"తోక ఊగినంత తల ఊగదమ్మా. ముందున్నవాడు ఒక అడుగు తగ్గితే నువ్వు పదడుగులు తగ్గి మళ్లీ పది పరిగెత్తాలి. ముందుకు జరుగు."

"అక్కడ అందరూ భుజాలు రాసుకుంటూ వెళ్తారు."

"ట్రాక్ మీద రాసుకోరా?"

"అక్కడ బ్రేకులుండవు కదా మేష్టారూ. ఎవరూ హఠాత్తుగా ఆగరన్న ధైర్యం."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మరి వచ్చే ఆదివారం నీకు బ్రేకు లేదనుకో," అన్నాడు.

ఆరో పందెం రోజు ఎండ తొమ్మిదింటికే చుర్రుమంటోంది. మందుల షాపు మలుపులో కుర్చీ వేయించుకుని అత్తగారు కూర్చుంది, చేతికర్రతో సహా. వీధులు మూసేసినందుకు భర్త బస్సు ఆ రోజు చుట్టుతిరిగి పోవాల్సి వచ్చింది. "పెళ్లాం పందెమని నా రూటే మార్చేశారు," అని ప్రయాణికులతో మొరపెట్టుకుంటూ పోయాడట, కాస్త గర్వంగానే.

ఆమె మొదటి రౌండులోనే గుంపు మధ్యకు జొరబడింది. బ్రేకు మీద వేళ్లు పెట్టలేదు. ఇటు ఒక భుజం, అటు ఒక మోచెయ్యి, ముందు బెత్తెడు దూరంలో చక్రం. మందుల షాపు మలుపు వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి "కాలు!" అన్న కేక. అది ఎవరికోసమో తెలియని మిగతావాళ్లు కూడా ఉలిక్కిపడి కాళ్లెత్తారు. ఇరవై నిమిషాలు. ముప్పై. ముప్పై ఏడో నిమిషం దాటినప్పుడు ఆమె చెవులు విజిల్ కోసం ఎదురుచూశాయి. రాలేదు. నోరు ఎండిపోయి పెదవులు పళ్లకు అంటుకుంటున్నాయి. గంట మోగింది. ఇంకొక్క రౌండు.

ఆ రౌండులో ఆమెకు కాస్త ముందు, పక్కగా ఉన్నది పోస్టావిడ. గెలవాలన్న తొందరలో మందుల షాపు మలుపు పూర్తిగా తిరగకముందే తొక్కడం మొదలుపెట్టింది. పెడల్ రోడ్డును కొట్టింది. నిప్పురవ్వ లేచింది. సైకిల్ ఎగిరి పక్కకు, సరిగ్గా ఆమె మీదికి వచ్చింది.

బ్రేకు పట్టుకుంటే పోస్టావిడ నేలకూలేది, వెనకవాళ్లు ఇద్దరి మీదా పడేవారు. ఆమె పట్టుకోలేదు. ట్రాక్ మీద నేర్చుకున్నట్టు మోచేతులు వదులు చేసి, భుజం గట్టిచేసి, తన దారి తాను వదలకుండా ఉంది. పోస్టావిడ బరువంతా ఒక్క క్షణం ఆ భుజం మీద ఆనింది. ఆనిక దొరికి నిలదొక్కుకుంది. ఇద్దరూ నిలబడ్డారు. కానీ గుంపు ఇరవై గజాలు ముందుకు పోయింది.

"పద అక్కా!" అరిచింది పోస్టావిడ. "నా వెనక రా, తర్వాత నువ్వు!"

ఒకరు ముందు, ఒకరు వెనక, మళ్లీ మారి. మాట్లాడే ఊపిరి లేదు. మిగిలిన మలుపుల్లో ఆమె కాళ్లు తమంతట తామే ఆగాయి, తమంతట తామే కదిలాయి. ఆఖరి మలుపు దాటేసరికి గుంపు తోక మూడు సైకిళ్ల దూరంలో ఉంది. గీత దగ్గర న్యాయనిర్ణేత కనిపించాడు. ఆయన గుంపునూ, వీళ్లిద్దరినీ, మధ్యనున్న ఖాళీనీ చూస్తున్నాడు. ఆమె సీటు మీంచి లేచి, అద్దాల గది, అత్తగారు, షెడ్డు అన్నీ మరిచిపోయి తొక్కింది. గీత మీద ఆమె ముందు చక్రం, గుంపులో ఆఖరామె వెనక చక్రం పక్కపక్కనే ఉన్నాయి.

ఆయన కాగితం మీద రాసుకుంటూ, తలెత్తకుండానే అన్నాడు: "ఇరవై ఒకటో స్థానం. గుంపుతోనే."

ఆమె పేవ్‌మెంటు మీద కూలబడింది. పోస్టావిడ వచ్చి తన సీసాలో నీళ్లు ఆమె నెత్తిన పోసింది. "నావల్ల నువ్వు పోయేదానివి అక్కా. ఇంక సగం పందెం అనను. పేరు మార్చేద్దాం."

"వద్దులే," అంది ఆమె రొప్పుతూ. "అలవాటైపోయింది."

అత్తగారు కర్ర ఊతంతో అంత దూరం నడిచి వచ్చి, ఎవరినీ పలకరించకుండా ముందు కోడలి రెండు మోచేతులూ, తర్వాత రెండు మోకాళ్లూ తిప్పి చూసింది. గీత కూడా పడలేదని తేలాక, మేష్టారు వైపు తిరిగి, "అయితే ఆ సైకిళ్లు మా ఇంట్లోనే ఉంటాయిగా?" అని అడిగింది. "హాల్లో చోటు నేను చూస్తాను."

అదంతా జరిగి ఐదేళ్లు. ఆమె ఇప్పటికీ అదే షాపు వెనక గదిలో అద్దాలు అరగదీస్తోంది. మంగళవారాలు ట్రాక్, ఆదివారాలు వీధి పందేలు. ఇప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు.