శాంతి రాని వరుస

పని మీద గరివిడి వెళ్ళినప్పుడు, ఆదివారం ఉదయం అక్కడి చిన్న కతోలిక చర్చిలో పూజకు కూర్చున్నాను. నా భక్తికి చెవులెక్కువ. పక్కనున్న నాలుగేళ్ళ పాప అందరికన్నా ఒక ముక్క వెనకగా, గొంతెత్తి పాడుతుంటే ఓర్చుకోలేక "నోరు మూసుకో" అని కసిరాను. పాప అమ్మమ్మ కొంగులో దాక్కుంది.

తర్వాత చేతులు జోడించి 'మీకు శాంతి కలుగుగాక' అని ఒకరికొకరు చెప్పుకొనే ఘట్టం వచ్చింది. అక్కడ పెద్దవాళ్ళు మొదలుపెట్టరు. పసిపిల్లలు వెళ్ళి ఫాదర్ చేతులు తాకివచ్చి, ఒక్కో వరుసకు శాంతి పంచుతారు. మా వరుస ఆ పాపదట. మిగతా పిల్లలు పంచేశారు, పాప కదల్లేదు. మా వరుసంతా చేతులు జోడించి ఎదురుచూస్తోంది. ఫాదర్ కూడా పూజ ఆపి నిలబడ్డారు.

"దీనికిదే మొదటిసారి బాబూ. వారం నుంచీ ఇంట్లో కోడిపిల్లలక్కూడా శాంతి సెప్పి నేర్సుకున్నాది" అంది అమ్మమ్మ నా వైపు తిరిగి. "ఇప్పుడు నోరిప్పితే ఆ మావ తిడతాడంతన్నాది."

ప్రశాంతత కోసం కసిరి, పదిమందికి శాంతి లేకుండా చేశాను. సిగ్గుతో మోకాళ్ళ మీద కూర్చుని, "తప్పయిపోయింది తల్లీ. వెళ్ళి తీసుకురా, నాకూ చెప్పు" అన్నాను.

పాప కొంగులోంచి ఒక కన్ను బయటపెట్టింది. "నీకు సివర్న" అని ఫాదర్ దగ్గరికి పరుగెత్తింది.

నా వంతు వచ్చేదాకా మోకాళ్ళ మీదే ఉన్నాను.