సలోమి మీద పడిన మాట

ఒక మనిషి చనిపోయేదాకా ఒక అబద్ధాన్ని నమ్మింది. దాన్ని నమ్మి, తనకు సాయం చేసే ఒకే ఒక్క మనిషిని దూరం చేసుకుంది. అది అబద్ధమని తెలిసినదాన్ని నేను. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. నాకు బీపీ ఉంది, మోకాళ్ల నొప్పులున్నాయి, వాటి గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతుంటాను. ఇది మాత్రం మా ఆయనకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

ఎక్కడ మొదలుపెట్టాలో కూడా సరిగా తెలియడం లేదు.

అప్పట్లో మేం కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఉండేవాళ్లం. గుంటూరు వైపు నుంచి వచ్చి ఆరేళ్లయింది. మా ఆయనది గవర్నమెంటు ఉద్యోగం. నేను దగ్గర్లోని ఒక ఇంగ్లీషు మీడియం స్కూల్లో టీచర్ని. మాదాపూర్‌లో గుట్టలు పగలగొట్టి, కంప్యూటర్ కంపెనీల కోసం అద్దాల భవనాలు లేపుతున్న రోజులవి. ఎయిడ్స్ అనే మాట కూడా సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇళ్లలోకి వచ్చింది. బస్సుల వెనక రాశారు, గోడల మీద రాశారు. మా ఆయన మంగలి షాపుకు సొంత బ్లేడు జేబులో పెట్టుకుని వెళ్లేవారు. డాక్టరుగారు ఇంజెక్షన్ అనగానే నేను మెడికల్ షాపుకు పరిగెత్తి కొత్త సూది కొనుక్కొచ్చేదాన్ని. దాని కవరు నా కళ్లముందే చింపాలి. అంతవరకు తప్పులేదు. కానీ దోమ కుడితే వస్తుందని, బస్సులో పక్కన కూర్చుంటే వస్తుందని కూడా నమ్మేవాళ్లం. మా స్టాఫ్ రూంలో సైన్సు టీచరే నమ్మేది. ఆ జబ్బు మనిషిని మాలో ఎవరూ చూసి ఎరగరు. చూడలేదు కాబట్టే అంత భయమేమో.

ఎస్తేరు మా చర్చి సంఘంలో మనిషి. జహీరాబాద్ వైపు పల్లె. ఆమె భర్త ఆ అద్దాల భవనాల దగ్గర సెంట్రింగ్ పని చేస్తూ, దగ్గి దగ్గి పోయాడు. టీబీ అన్నారు. పిల్లల్లేరు. ఎస్తేరు మాదాపూర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేసేది. కంప్యూటర్ కోర్సులు నేర్చుకుని ఉద్యోగాలు వెతుక్కునే పిల్లలు వాళ్లంతా. ఆ హాస్టలు సుగుణమ్మగారిది, ఆవిడా మా సంఘమే. ఎస్తేరుకు కూడా దగ్గు పట్టుకుంది. సలోమి అని మా సంఘంలోనే ఒక నర్సు, గవర్నమెంటు ఆసుపత్రిలో పని. ఆమె ఎస్తేరును తనతో తీసుకెళ్లి పరీక్షలు చేయించింది. టీబీ ఉందన్నారు. రక్తంలో ఆ రెండోది కూడా ఉందన్నారు.

సలోమికి తెలుసు. ఇంకొక్కరికి చెప్పుకుంటే గుండె బరువు దిగుతుందనుకుంది కాబోలు ఎస్తేరు, నన్ను ఎంచుకుంది. ఆదివారం ఆరాధన అయిపోయాక నేను ప్రభువు బల్ల గిన్నె కడుగుతుంటే వచ్చి చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని, తన కోసం ప్రార్థన మాత్రం చెయ్యమని అడిగింది. నేను మొదట అడిగిందేమిటో తెలుసా? ఎలా వచ్చింది, అని. ఆమె తల వంచుకుని తనకు తెలియదంది. అడుగుదామంటే ఆయన లేడంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని తప్పకుండా ప్రార్థిస్తానన్నాను. ఆమె వెళ్లాక సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కున్నాను.

మా స్త్రీల కూడిక శనివారం మధ్యాహ్నం. స్కూలు ఒంటిపూట కాబట్టి నాకు వీలయ్యేది. ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ మనవులు చెప్పాలి. ఎవరి సంసారం గురించైనా వీధిలో నిలబడి మాట్లాడితే అది చాడీ. అదే చాప మీద కూర్చుని, నెత్తిన కొంగు కప్పుకుని చెబితే ప్రార్థన మనవి. మాలో ఈ తేడా ఎవరికీ తెలియనిది కాదు, అయినా ఎవరూ పైకి అనరు. నా మనవులు ఎప్పుడూ చిన్నవి. మా ఆయన ట్రాన్స్‌ఫరు, మా వాడి ఆస్తమా. వాటికి అందరూ తలాడించి ముందుకు వెళ్లిపోయేవారు. ఆ శనివారం నా దగ్గర పెద్దది ఉంది.

పేరు చెప్పలేదు. పేరు చెప్పలేదు కదా అని నాకు నేను ఎన్నిసార్లు చెప్పుకున్నానో! మన సంఘంలో ఒక సహోదరి, భర్త పోయాడు, ఒకచోట వంట చేసుకుని బతుకుతోంది, రక్తపరీక్షలో ఆ చెడ్డ జబ్బు బయటపడింది, అన్నాను. ఇంక పేరెందుకు?

కళ్లు మూసుకున్న ఆరుగురు ఆడవాళ్లూ కళ్లు తెరిచి నన్నే చూశారు. దాచడానికి కూర్చోలేదు కాబట్టి చెప్పేస్తున్నాను, ఆ చూపులు నాకు బాగున్నాయి. భయంతో చెప్పానా? భయం ఉంది. సంఘం భోజనాల్లో ఎస్తేరు చేతి పప్పుచారు ఎన్నిసార్లు తిన్నానో లెక్కపెట్టుకుంటూ ఆ వారమంతా గడిపాను. కానీ భయం ఒక్కటే అయితే మా ఆయనకు చెప్పి ఊరుకునేదాన్ని. నాకు ఆరుగురి చూపులు కావాల్సి వచ్చాయి.

అప్పుడు సుగుణమ్మగారు అడిగారు, మీకు సలోమి చెప్పిందా అని. ఆ రోజు సలోమి డ్యూటీలో ఉంది, కూడికకు రాలేదు. కాదు, ఎస్తేరే చెప్పింది అంటే ఏమవుతుంది? నన్ను నమ్మి చెప్పుకున్న మాటను నేను బయట పెట్టానని ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. నేను అవుననలేదు, కాదనలేదు. తల దించుకున్నాను. వాళ్లకు అది చాలింది. మనవి తెచ్చింది ఎవరో బయట అనకూడదు కాబట్టి, గుమ్మం దాటింది సలోమి పేరొక్కటే. నేను చేసింది అంతే, ఒక్కసారి తల దించడం. దానికే ఇన్నేళ్లా అని మీకనిపిస్తే, తర్వాతది కూడా వినండి.

సోమవారానికి ఎస్తేరు పని పోయింది. పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరని సుగుణమ్మగారు చెప్పి పంపేశారట. వంటగిన్నెలు మొత్తం మార్చేశారు. కూకట్‌పల్లిలో ఆమె కిరాయికి ఉన్న గది వాళ్లు, పది ఇళ్లకూ ఒకటే కుళాయి కదా, ఆ కుళాయి దగ్గరికి రావొద్దన్నారు. వారం తిరక్కుండా గది ఖాళీ చేయించారు. ఎస్తేరు పటాన్‌చెరు దగ్గర అన్న ఇంటి వసారాలోకి మారింది.

మా సంఘంలో ప్రభువు బల్ల నెలకొకసారి. అందరికీ ఒకటే గిన్నె, ఒకరి తర్వాత ఒకరు అదే గిన్నెలో ద్రాక్షరసం తాగేవాళ్లం. ఆ తర్వాతి నెల పెద్దలు చిన్న చిన్న కప్పులు తెప్పించారు. పరిశుభ్రత కోసమని పాస్టరుగారు ప్రకటించారు. అప్పుడు సలోమి లేచి నిలబడింది. ఈ జబ్బు గిన్నెలో తాగితే రాదండి, పక్కన కూర్చుంటే రాదండి, అని ఆసుపత్రిలో చెప్పినట్టే నెమ్మదిగా చెప్పింది. ఈమెకు ఇన్ని వివరాలు తెలుసు, ఇంక చెప్పింది ఎవరంటారు, అని వెనక వరుసలో గొణిగారు. నేను ఆ వెనక వరుసలోనే ఉన్నాను. కప్పులు సర్దే పని కూడా నాదే. ఒక కప్పు అడుగున గోళ్ల రంగుతో చుక్క పెట్టాను, కడిగేటప్పుడు కలవకుండా. పళ్లెం తిప్పి ఆ కప్పు ఎస్తేరు వైపు వచ్చేలా పట్టుకున్నాను. ఆమె తీసుకుంది. తాగి, కప్పు బోర్లించి చుక్క చూసింది. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు. చుక్క పెట్టింది కూడా నేనని ఆమెకు తోచలేదు.

పాస్టరుగారు సలోమిని పిలిచి నాలుక అదుపు గురించి మాట్లాడారు. అదే రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. ఎస్తేరు ఇంకెవరికైనా చెప్పిందేమో మీకేమైనా తెలుసా అక్కా, అని అడిగింది. ఏడవలేదు. నాకేం తెలియదన్నాను. టీ తాగి వెళ్లమన్నాను. తాగి వెళ్లింది.

సలోమి బాధ సలోమి పడింది, ఆమె గట్టి మనిషి. అసలు దెబ్బ ఎస్తేరుకు తగిలింది. టీబీ మాత్రలు వారం వారం సలోమే తెచ్చి, ఎదురుగా కూర్చుని మింగించేది. ఇప్పుడు ఎస్తేరు, మాట బయటపెట్టింది సలోమేనని నమ్మి, ఆమెను వసారా కూడా ఎక్కనివ్వలేదు. ఆసుపత్రికి వెళ్లమంటే వెళ్లలేదు, అక్కడ సలోమి ఉంటుందని, అక్కడివాళ్లంతా అలాంటివాళ్లేనని. మాత్రలు ఆగిపోయాయి. రెండో జబ్బుకు అప్పట్లో మాలాంటివాళ్లకు అందే మందు లేదు, నిజమే. కానీ టీబీకి ఉంది. చేతిదాకా వచ్చేది. ఆ మాట చెప్పింది సలోమి కాదు, నేను, అని నేను ఒక్క మాట అంటే ఎస్తేరు మళ్లీ మాత్రలు మింగేది. ఎన్నాళ్లు బతికేదో తెలియదు. కొన్నాళ్లు బతికేది.

ఆ ఒక్క మాట చెప్పాలని రెండుసార్లు పటాన్‌చెరు బస్సెక్కాను. ఒకసారి సగం దారిలో దిగిపోయాను. ఇంకోసారి వాళ్ల వీధి మొదటిదాకా వెళ్లి, అరటిపళ్లు కొని, ఆ పళ్లతోనే ఇంటికి వచ్చాను. ఇంతకీ నేను దేనికి భయపడ్డాను? ఆమె తిడుతుందనా? తిట్టే ఓపిక కూడా ఆమెకు లేదని నాకు తెలుసు. సంఘంలో నా ముఖం చెల్లదని భయం. అంతే. ఒక ప్రాణం ఒకవైపు, శనివారం చాప మీద నా చోటు ఒకవైపు.

మూడోసారి లోపలికి వెళ్లాను. పగటివేళ, వసారాలో నులక మంచం మీద ఉంది. చెయ్యి ఎత్తడమే కష్టంగా ఉంది.

"వచ్చినవా అక్కా," అంది. "ఎవ్వరొస్తలేరు. నువ్వొక్కదానివే నా మాట కడుపుల దాసుకున్నవు."

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

"ఎస్తేరూ, ఆ మాట..." అన్నాను.

"తెలుసక్కా. సలోమి సంగతే గద. మస్తు తిట్టుకున్న ఆమెను, ఇన్ని దినాలు. ఇగ నాతోని గాదు. కోపం వెట్టుకొని ఎట్ల వోను?" కాసేపు దగ్గింది. "నువ్వు జర ఆమె కోసం ప్రార్థన చెయ్యి. దేవుడు ఆమెను మాఫ్ చెయ్యాలె. నేనైతే చేసిన."

ఆమె కళ్లు మూసుకుని ఎదురు చూసింది. మీరు నా స్థానంలో ఉంటే ఏం చేసేవారో నాకు తెలియదు. అడగను కూడా. నేను ఆమె చెయ్యి పట్టుకుని గట్టిగా, ఆమెకు వినపడేలా ప్రార్థించాను. ప్రభువా, సలోమి చేసిన తప్పును క్షమించు, అన్నాను. ఇంకా రెండు మూడు మంచి మాటలు కలిపాను. ప్రార్థన చెయ్యడం నాకు బాగా వచ్చు. ఎస్తేరు ఆమెన్ అంది. నేనూ అన్నాను. నిద్రపట్టిందామెకు. నేను బస్సెక్కి ఇంటికి వచ్చి, పిల్లాడి హోంవర్కు చూసి, అన్నం వండాను. నాలుగు రోజులకు ఎస్తేరు పోయిందని కబురు వచ్చింది.

సలోమి ఆ ఏడాదే సంఘం మారింది. రిటైరై ఇప్పుడు ప్రగతి నగర్‌లో ఉంటోంది. కరోనా మొదటి రోజుల్లో నాకు పాజిటివ్ వచ్చింది. పక్క ఫ్లాటువాళ్లు పాలప్యాకెట్ గ్రిల్లుకు తగిలించి పరిగెత్తేవారు. ఎవరి దగ్గర నంబరు తీసుకుందో, సలోమి ఫోన్ చేసింది. పన్నెండు రోజులూ ఉదయం సాయంత్రం చేసి, వేలికి పెట్టే మిషన్‌లో ఆక్సిజన్ ఎంత చూపిస్తోందో అడిగేది. తొంభై ఆరు అంటే మంచిదక్కా అనేది. ఆ ఇరవై నాలుగు ఫోన్లలో ఒక్కదాంట్లోనైనా చెప్పొచ్చు. ఆయాసంగా ఉందని పెట్టేసేదాన్ని. నాకు ఆయాసం లేదు.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతుల్లో లేదు. ఉన్న ఒక్క మనిషీ, ఎవరిని క్షమించాలో తెలియకుండానే క్షమించేసి వెళ్లిపోయింది. సలోమిని అడగొచ్చు. అడుగుతానని మాటివ్వలేను, నా సంగతి నాకు తెలుసు. ఇంత రాసినందుకు కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకంటే ఏమీ జరగలేదు.

రాసింది మొదటినుంచీ చదువుకున్నాను. ఎస్తేరు పేరు ఉంది, సలోమి పేరు ఉంది, సుగుణమ్మగారి పేరు కూడా రాశాను. నా పేరు ఎక్కడా లేదు.